లైటు వెలిగిందని పార్టు కొనకండి



కరీంనగర్, ఆదిలాబాద్ రోడ్ల మీద ఏపీ 15, ఏపీ 01 నంబర్ల కార్లు ఇంకా చాలానే తిరుగుతున్నాయి. నేను పాత ఉమ్మడి జిల్లాల లెక్కన చెబుతున్నాను. జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ అన్నీ అందులోవే. ఆ నంబరు ప్లేటే బండి వయసు చెబుతుంది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడక ముందు రిజిస్టరైనవి అవి. 15 ఏళ్లు నిండాక ఆర్టీఏ ఆఫీసులో ఫిట్‌నెస్ చూపించి, మరో 5 ఏళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకుని నడుపుకుంటున్నవాళ్లు ఎందరో ఉన్నారు. వీళ్లలో చాలామందికి ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కారే. పిల్లను హాస్టల్లో దింపాలన్నా, పెద్దవాళ్లను ఆస్పత్రికి తీసుకుపోవాలన్నా, వేములవాడకో కొండగట్టుకో పోవాలన్నా అదే దిక్కు.

ఈ కార్లు షెడ్డుకు వచ్చినప్పుడు యజమాని చెప్పే మొదటి మాట, "బండి గుంజుతలేదు." యాక్సిలేటర్ తొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు. తర్వాత ఒక జెర్కు. ఆ తర్వాత కదులుతుంది. లారీని దాటబోయినప్పుడు ఆ ఒక్క క్షణం ఎంత భయపెడుతుందో రాజీవ్ రహదారి మీద బండి నడిపేవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. దానికి తోడు మీటర్లో పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలుగుతుంది. వెంటనే స్కానింగ్ పెట్టిస్తారు. ఒక కోడ్ వస్తుంది. ఆ కోడ్‌లో ఏ సెన్సార్ పేరుంటే ఆ సెన్సార్ కొంటారు. వేల రూపాయలు ఖర్చవుతాయి. వారం తిరక్కముందే లైటు మళ్లీ వస్తుంది.

ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు పిల్లలకు పాఠాలు చెబుతూ, షెడ్లలో వాళ్ల పక్కన నిలబడి పనిచేస్తూ నేను ఎక్కువసార్లు చూసిన నష్టం ఇదే. అందుకే ఆ లైటు ఏం చెబుతుందో, ఏం చెప్పదో ఈ రోజు మీతో వివరంగా మాట్లాడాలని వచ్చాను.

ముందు ఆ లైటు ఎందుకు పుట్టిందో తెలుసుకోవాలి. లాస్ ఏంజెలిస్ నగరాన్ని దశాబ్దాల తరబడి వాహనాల పొగ కమ్మేసింది. దాంతో కాలిఫోర్నియా రాష్ట్రం, బండి తన పొగ మీద తానే నిఘా పెట్టుకోవాలని 1980ల చివర్లో నిబంధన తెచ్చింది. 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఒకే రకమైన 16 పిన్నుల సాకెట్టు, ఒకే రకమైన కోడ్లు తప్పనిసరి అయ్యాయి. దీన్నే ఓబీడీ అంటారు. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు మొదలైంది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌కు సీసం విషం కనుక, ఆ అడుగు పడితే తప్ప మిగతా అడుగులు పడవు. తర్వాత భారత్ స్టేజ్ అనే పొగ ప్రమాణాల్లో నాలుగోదైన బీఎస్-4 కార్లకు 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ మొదటి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ వచ్చాయి.

ఇక్కడ మన జిల్లాలవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. 2010లో బీఎస్-4 తప్పనిసరి అయింది హైదరాబాద్‌తో సహా 13 నగరాలకే. దేశమంతటికీ అది వచ్చింది 2017 ఏప్రిల్ 1న. అంటే ఒకే ఏడాది కొన్న రెండు కార్లలో ఒకదానికి పూర్తి స్థాయి ఓబీడీ ఉండవచ్చు, రెండోదానికి ఉండకపోవచ్చు. మీ ఆర్సీలో బీఎస్-3 అని ఉందో, బీఎస్-4 అని ఉందో చూసుకోండి. బీఎస్-3 కారైతే, ఫోనుకు కలిపి వాడే చవక స్కానర్ దానితో మాట్లాడకపోవచ్చు. ఆ కంపెనీ బళ్లకు పనికొచ్చే స్కానర్ ఉన్న షెడ్డుకే పోవాలి. స్కానర్ కలవనంత మాత్రాన ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీఎం, పోయిందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఆ లైటును పెట్టింది పొగను పట్టుకోవడానికి. మీ పికప్ సంగతి దాని మొదటి బాధ్యత కాదు. కాబట్టి బండి ఘోరంగా జెర్కులు కొడుతున్నా లైటు రాకపోవచ్చు. బండి చక్కగా నడుస్తున్నా లైటు రావచ్చు. ఇంకో మాట. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయక ముందు ఆ బొమ్మ వెలగాలి, స్టార్టయ్యాక ఆరాలి. మొదట్లో వెలగకపోతే బల్బు పోయిందనో, ఎవరో పీకేశారనో అర్థం. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు బేరం మాట్లాడకముందే ఇది చూడండి.

ఇక కోడ్ సంగతి. ముందు పీ అనే అక్షరం ఉంటే ఇంజన్, గేర్‌బాక్స్‌ల వ్యవహారం. పక్కన సున్నా ఉంటే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం, 1 ఉంటే ఆ కంపెనీ సొంత అర్థం. మూడో స్థానంలోని అంకె ఏ భాగంలో గొడవో చెబుతుంది. 1, 2 అయితే గాలి, పెట్రోలు. 3 అయితే ప్లగ్గులు, కాయిళ్లు, మిస్సింగ్. 4 అయితే పొగకు సంబంధించినవి. 5 అయితే స్పీడు, ఐడిలింగ్. మిగతా రెండు అంకెలు ఇంకాస్త దగ్గరికి తీసుకుపోతాయి. అంతవరకే. ఏ సర్క్యూట్‌లో, ఏ లెక్కలో తేడా కనబడిందో కోడ్ చెబుతుంది. ఆ తేడా ఎందువల్ల వచ్చిందో చెప్పడం దాని వల్ల కాదు.

ఉట్నూరు వైపు పనిచేసే ఒక టీచరు గారి కారు సంగతి చెబుతాను. చిన్న పెట్రోల్ కారు, బీఎస్-4 బండి. చాలాకాలం ఇంటి ముందే కదలకుండా నిలబడిపోయింది. మళ్లీ నడపడం మొదలుపెట్టాక ఊళ్లో బాగానే ఉంది, కెరమెరి ఘాట్ ఎక్కుతుంటే మాత్రం చచ్చిపోతోంది. "సారూ, లైటొచ్చింది. స్కాన్ పెట్టిచ్చిన. ఆక్సిజన్ సెన్సార్ పోయిందన్నరు, మార్పిచ్చిన. మళ్ల గదే లైటు, మళ్ల గదే నంబరు" అన్నారు. ఆ నంబరు పీ 0171. దాని అర్థం, పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అవుతోందని. ఆ సంగతి ఈసీఎంకు చెప్పేది ఆక్సిజన్ సెన్సారే. చెప్పినందుకు దాన్నే తీసి పారేశారు. దున్న ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టే అయింది.

మేం చేసింది ఇది. స్కానర్‌లో కోడ్లు చూపించే పేజీ పక్కనే లైవ్ డేటా అనే పేజీ ఉంటుంది. అందులో ఫ్యూయల్ ట్రిమ్ అనే లెక్క ఉంటుంది. ఈసీఎం తనకు నేర్పిన లెక్క కంటే ఎంత శాతం పెట్రోలు ఎక్కువో తక్కువో పోస్తోందో అది చూపిస్తుంది. సున్నాకు అటూ ఇటూ 10 శాతం లోపు ఉంటే కంగారు లేదు. ఈ కారులో బండి నిలబడి ఉన్నప్పుడు అది 4, 5 శాతం చూపించింది. మూడో గేరులో ఎక్కు ఎక్కిస్తుంటే 25 దాటింది. తక్కువ పెట్రోలు సరిపోయే చోట సరిపోతోంది, ఎక్కువ కావలసిన చోట అందడం లేదన్నమాట. అప్పుడు పెట్రోలు లైనుకు ప్రెషర్ గేజి తగిలించాం. ఈ తరహా కార్లలో సుమారు 3 బార్ నిలబడాలి. ఇంజన్ మీద బరువు పడగానే ముల్లు కిందికి జారిపోయింది. ట్యాంకులోంచి పంపు బయటికి తీస్తే దాని అడుగున ఉండే జల్లెడ నల్లటి మడ్డితో పూడుకుపోయి ఉంది. ట్యాంకు కడిగి జల్లెడ మార్చాం. పాత ఆక్సిజన్ సెన్సార్‌ను ఆయన అదృష్టవశాత్తూ పారేయలేదు. దాన్నే తిరిగి బిగించి చూస్తే నిక్షేపంగా పనిచేసింది.

అందుకని షెడ్డులో నేను పిల్లలకు చెప్పే మొదటి పాఠం, స్కానర్ బయటికి తీయకముందు యజమానిని కూర్చోబెట్టి అడగమని. ఎప్పుడు గుంజుతలేదు? పొద్దున స్టార్ట్ చేయగానేనా, వేడెక్కాకనా? నిలబడ్డ చోటు నుంచి కదిలేటప్పుడా, 80లో పోతూ ఇంకా తొక్కినప్పుడా? ఏసీ వేస్తే ఎక్కువవుతుందా? వాన పడ్డ రోజున ఎక్కువా? ట్యాంకు సగానికి పైన ఉంటే ఒకలా, అడుక్కి పోతే ఒకలా ఉందా? ఈ మధ్య ఎక్కడ పెట్రోలు పోయించారు? ఎవరితోనైనా ఏ పనైనా చేయించారా? ఈ జవాబులు కోడ్ కంటే విలువైనవి. కదిలేటప్పుడు మాత్రమే ఆగుతుంటే ఇంజన్‌లోకి పోయే గాలిని అదుపుచేసే థ్రాటిల్ బాడీ, థ్రాటిల్ సెన్సార్, ప్లగ్గుల వైపు చూపు పోవాలి. ఎక్కు మీదా, స్పీడులోనూ అయితే పెట్రోలు సరఫరా, కాయిళ్లు, పూడుకుపోయిన సైలెన్సర్. వాన రోజున అయితే కాయిళ్లు, ప్లగ్గులకు కరెంటు తెచ్చే హెచ్‌టీ వైర్లు.

స్కానర్ పెట్టాక కూడా కోడ్‌ను చెరిపేయడానికి తొందరపడకూడదు. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ ఎంత వేడిగా ఉంది, ఎంత స్పీడులో ఉంది, ఎంత బరువు లాగుతోంది అనే వివరాలను ఈసీఎం దాచి ఉంచుతుంది. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. చెరిపితే అదీ పోతుంది. బ్యాటరీ వైరు పీకేస్తే లైటు ఆరుతుందని చాలామందికి తెలిసిన చిట్కా ఉంది. దాంతో సాక్ష్యం చెరిగిపోతుంది, ఈసీఎం నేర్చుకున్న ఐడిలింగ్ లెక్కలూ చెరిగిపోతాయి. రెండు మూడు రోజులు బండి ఇంకా అధ్వానంగా నడుస్తుంది. దయచేసి అలా చేయకండి. ముందు కోడ్లూ, ఆ వివరాలూ ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

పీ 0300 నుంచి పీ 0304 వరకు ఉండే కోడ్లు మిస్సింగ్ కోడ్లు. చివరి అంకె ఏ సిలిండరో చెబుతుంది, సున్నా అయితే ఏదో ఒక్కటని తేల్చలేనిది. వీటికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ప్లగ్గుకొక కాయిల్ ఉండే బండిలో పీ 0302 వచ్చిందనుకోండి. రెండో సిలిండర్ కాయిల్‌ను మూడోదానిలో, మూడోదాన్ని రెండోదానిలో పెట్టి, కోడ్ చెరిపి, కాసేపు నడపండి. ఈసారి పీ 0303 వస్తే కాయిల్ దొరికింది. పీ 0302నే వస్తే కాయిల్ మంచిదే. తర్వాత ప్లగ్గును అలాగే మార్చి చూడండి. తర్వాత ఇంజెక్టర్. అప్పటికీ ఆ సిలిండరే అంటుంటే కంప్రెషన్ కొలవాలి. సిలిండర్ల మధ్య తేడా 1 బార్‌కు మించి ఉంటే గొడవ వాల్వుల్లోనో రింగుల్లోనో ఉంది, బయట ఎన్ని సెన్సార్లు మార్చినా లాభం లేదు. ఈ పరీక్షంతా ఒక పూట పని. నాలుగు కాయిళ్లూ ఒకేసారి మార్చేయడం కంటే ఎంతో గౌరవమైన పని కూడా.

ఒకేసారి నాలుగైదు కోడ్లు వచ్చాయంటే ఇంకా జాగ్రత్తగా ఆలోచించాలి. నాలుగైదు సెన్సార్లు ఒకే రోజు చెడిపోవు. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చెడింది. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లటి బూడిద పేరుకుని ఉండవచ్చు. ఇంజన్ నుంచి బాడీకి పోయే ఎర్త్ పట్టీ తుప్పు పట్టి ఉండవచ్చు. సెన్సార్లకు ఈసీఎం పంపే 5 వోల్టుల కరెంటు ఎక్కడో ఎర్త్ అయిపోతూ ఉండవచ్చు. మల్టీమీటరు ఒక కొనను బ్యాటరీ మైనస్‌కు, రెండో కొనను ఇంజన్ లోహానికి ఆనించి, స్టార్ట్ చేసి లైట్లు, ఫ్యాను వేసి చూడండి. 0.2 వోల్టులకు మించి చూపిస్తే ఎర్త్ సరిగా లేదు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. వానాకాలం మొదలయ్యాక షెడ్డు కింద, ధాన్యం బస్తాల పక్కన, పత్తి కుప్పల పక్కన నిలబెట్టిన కార్లలో ఎలుకలు వైర్లు కొరకడం మన దగ్గర మామూలే. బానెట్ ఎత్తి టార్చితో వైరింగ్ మొత్తం చూడకుండా సెన్సార్ కొనడం దండగ.

గాలి వైపు కూడా ఒక మాట. ఇంటర్నెట్‌లో విదేశీ వీడియోలు చూసి, పీ 0171 అనగానే ఇన్‌టేక్ గొట్టాల్లో గాలి లీకు అనేస్తున్నారు మన పిల్లలు. లోపలికి పోయే గాలిని నేరుగా కొలిచే సెన్సార్ ఉన్న బళ్లలో అది చాలావరకు నిజం. మన దగ్గర తిరిగే చిన్న పెట్రోల్ కార్లలో ఎక్కువ వాటిలో ఉండేది మ్యాప్ సెన్సార్, అది మ్యానిఫోల్డ్‌లోని ఒత్తిడిని కొలుస్తుంది. వాటిలో గాలి లీకైతే ముందు ఐడిలింగ్ పెరుగుతుంది, ఈసీఎం ఆ ఒత్తిడి చూసి పెట్రోలూ పెంచుతుంది. కాబట్టి పీ 0171కు గాలి లీకు ఒక్కటే కారణం అనుకోకూడదు. పెట్రోలు ప్రెషర్ చూడాలి, ఆక్సిజన్ సెన్సార్‌కు ముందు సైలెన్సర్ గొట్టంలో పగులుందేమో చూడాలి. ఆ పగులులోంచి బయటిగాలి లోపలికి చొరబడితే సెన్సార్‌కు తప్పు కబురు అందుతుంది. మ్యాప్ సెన్సార్ బాగుందో లేదో తెలుసుకోవడం తేలిక. ఇంజన్ ఆపి తాళం మాత్రం తిప్పితే అది బయటి గాలి ఒత్తిడిని చూపించాలి. కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణాలు రెండూ సముద్రమట్టానికి 260 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉన్నాయి. మన దగ్గర ఆ లెక్క సుమారు 98 కిలోపాస్కల్ రావాలి. స్టార్టయి వేడెక్కాక ఐడిలింగ్‌లో అది 30, 40 మధ్యకు దిగాలి.

ఇక దుమ్ము. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీలు, గోదావరిఖనిలో బొగ్గు, మంచిర్యాలలో, బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీలు, ఆదిలాబాద్‌లో ఎండాకాలం లేచే నల్లరేగడి దుమ్ము. సర్వీసు పుస్తకంలో ఎయిర్ ఫిల్టర్‌కు రాసిన కిలోమీటర్ల లెక్క ఇలాంటి చోట నడిచే బండికి చాలదు. దుమ్ము ఎక్కువున్న దారుల్లో తిరిగేవాళ్లు దాన్ని సగానికి తగ్గించుకోండి. ఫిల్టర్ దాటి వచ్చిన సన్నటి పొడి, ఇంజన్ నుంచి వచ్చే నూనె ఆవిరితో కలిసి థ్రాటిల్ బాడీ అంచున నల్లగా గడ్డకడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు వచ్చే తడబాటుకు ఇది పెద్ద కారణం. దానికి వాడాల్సింది థ్రాటిల్ క్లీనర్ స్ప్రే, మెత్తటి గుడ్డ. థ్రాటిల్ లోపలి పలక మీద గీరకూడదు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న బండిలో పలకను వేలితో బలవంతంగా తోయకూడదు.

మన ఎండలూ చలీ వేరే చోట్ల ఉన్నట్టు ఉండవు. ఆదిలాబాద్ వైపు పుష్యమాసంలో కొన్ని రాత్రులు 5 డిగ్రీల దిగువకు పోతుంది. రామగుండం, మంచిర్యాలల్లో మే నెలలో 45 దాటుతుంది. ఒకే సెన్సార్ రెండింటినీ సరిగ్గా చెప్పాలి. చలికి పొద్దున స్టార్ట్ కాక, స్టార్టయినా తడబడితే కూలెంట్ టెంపరేచర్ సెన్సార్‌ను పరీక్షించండి. రాత్రంతా నిలబడ్డ బండిలో, స్టార్ట్ చేయకముందు స్కానర్‌లో కూలెంట్ వేడి, గాలి వేడి రెండూ చూడండి. రెండూ దాదాపు ఒకటే ఉండాలి, బయటి చలికి దగ్గరగా ఉండాలి. ఒకటి 8, ఇంకొకటి 35 అంటుంటే తప్పు చెబుతున్నది ఏదో తెలిసిపోయినట్టే. మైనస్ 40 చూపిస్తే వైరు తెగిందో, కనెక్టర్ ఊడిందో. కూలెంట్ వేడి ఎంత నడిపినా 60, 65 దగ్గరే ఆగుతుంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయిందని అర్థం. లేదా ఎండలకు భయపడి ఎవరో దాన్ని పీకేసి ఉంటారు. ఇది మన ప్రాంతపు షెడ్లలో పాత అలవాటు, మానుకోవాల్సిన అలవాటు. థర్మోస్టాట్ లేని ఇంజన్ ఎప్పుడూ చల్లగా ఉన్నాననుకుని పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి.

ఎండాకాలంలో జబ్బు వేరు. మధ్యాహ్నం గంటసేపు నడిచి ఉన్నట్టుండి ఆగిపోతుంది. అరగంట చెట్టు కింద పెడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. చాలాసార్లు కోడ్ కూడా ఉండదు. క్రాంక్ సెన్సార్ లోపలి చుట్ట వేడికి తెగి, చల్లబడితే అతుక్కుంటోందేమో చూడాలి, దాని కోడ్ పీ 0335. రెండో అనుమానం ట్యాంకులోని పంపు. పెట్రోల్లో మునిగి ఉంటేనే ఆ పంపు చల్లగా ఉంటుంది. ఎప్పుడూ వందా రెండొందలకు పోయించుకుంటూ ట్యాంకు అడుగునే నడిపేవాళ్లకు మే నెలలో పంపు కాలడం సహజం. పావు ట్యాంకు కంటే కిందికి రానివ్వకండి.

ఇథనాల్ గురించి అడుగుతారని తెలుసు. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఈ20. ఇథనాల్‌లో పెట్రోలుకున్న శక్తిలో మూడింట రెండు వంతులే ఉంటుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలే చాలు. అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలన్నమాట. ఇంజెక్టర్లున్న కారులో ఈసీఎం ఆ లెక్క చాలావరకు సర్దుకుంటుంది. కనుక పాత బండిలో ఫ్యూయల్ ట్రిమ్ ఇదివరకటి కంటే కొన్ని శాతాలు పైన కనబడితే అది జబ్బు కాదు. పంపు అప్పటికే నీరసపడిన బండిలో మాత్రం ఈ అదనపు బరువే పీ 0171 పడేదాకా తీసుకుపోతుంది. ఇంకో సంగతి, ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు మితిమీరితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. పంపు లాగేది అడుగు నుంచే. వానాకాలమంతా కారు కదలకుండా పెట్టేవాళ్లు ట్యాంకు నిండుగా ఉంచి, పదిరోజులకోసారైనా ఊరు దాటించి తిప్పండి. 2005కు ముందు బళ్లలో రబ్బరు పైపులు మెత్తబడి చెమ్మగిల్లుతున్నాయేమో ప్రతి సర్వీసుకూ వేలితో తడిమి చూడండి. అది నిప్పుతో వ్యవహారం.

కార్బరేటర్ బళ్లకు సర్దుకునే ఈసీఎం లేదు. పాత మారుతి 800 లాంటివాటిలో తొక్కగానే తడబడితే యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం చిరిగిందని మొదటి అనుమానం. ఇంజన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ తీసి, టార్చితో లోపలికి చూస్తూ యాక్సిలేటర్ తీగ లాగితే సన్నటి పెట్రోలు ధార కొట్టాలి. కొట్టకపోతే జబ్బు దొరికింది. తర్వాత డెల్కో, అంటే డిస్ట్రిబ్యూటర్ మూత, హెచ్‌టీ వైర్లు, టైమింగ్.

డీజిల్ బళ్లకు, ముఖ్యంగా లోపలి ఊళ్లకు తిరిగే జీపులకు, రెండు మూడు హెచ్చరికలు చెబుతాను. డీజిల్ ఫిల్టర్ అడుగున నీరు దింపే మర వానాకాలంలో నెలకోసారి తిప్పండి. పీ 0087 అంటే రెయిల్ ప్రెషర్ తక్కువని. పంపు పోయిందనుకోకముందు ఫిల్టర్ మార్చి చూడండి. కామన్ రెయిల్ ఇంజన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపుల దగ్గర లీకు కోసం చేత్తో తడమవద్దు. అక్కడి ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. సన్నటి ధార చర్మం లోపలికి దూసుకుపోతే వేలు తీసేయాల్సి రావచ్చు.

స్కానర్ లేని ఊళ్లో కూడా ఒక మంచి సాధనం ఉంది, ఎవరూ వాడుకోవడం లేదు. అది పొల్యూషన్ సర్టిఫికెట్. దాని మీద ముద్రించిన అంకెలు చదవండి. బీఎస్-4 పెట్రోల్ కారుకు ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం మించకూడదు. మోనాక్సైడ్ ఎక్కువుంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. మోనాక్సైడ్ తక్కువే ఉండి హైడ్రోకార్బన్లు మాత్రం ఎక్కువుంటే ఏదో సిలిండర్లో పెట్రోలు మండకుండా బయటికి పోతోంది, అంటే మిస్సింగ్. మూడేళ్ల సర్టిఫికెట్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంజన్ చరిత్ర కనబడుతుంది. బండిని పైపుకు తగిలించకుండానే కాగితం ఇచ్చేచోట తీసుకున్నదైతే ఆ కాగితం దేనికీ పనికిరాదు. నిజంగా పరీక్ష చేయమని అడిగి చేయించుకోండి.

ఒక్క సందర్భంలో మాత్రం ఆలోచించవద్దు. పసుపు లైటు నిలకడగా వెలిగితే మెల్లగా ఇంటికి చేరవచ్చు. అది ఆరుతూ వెలుగుతుంటే మిస్సింగ్ తీవ్రంగా ఉందని, మండని పెట్రోలు కెటలిటిక్ కన్వర్టర్‌లో మండుతోందని అర్థం. ఆ కన్వర్టర్ ఎర్రగా కాలుతుంది. కాలు వెనక్కి తీసి, బండిని పక్కకు ఆపండి. ఎండుగడ్డి మీద, పత్తికట్టె మీద, జన్నారం అడవి దారిలో ఎండిన టేకాకుల మీద ఆపకండి, నిప్పంటుకుంటుంది. ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే, వేడి ముల్లు ఎర్రగీత దాటితే అప్పటికప్పుడు ఇంజన్ ఆపాలి. వాటికి స్కానర్ అక్కరలేదు.

చివరగా నా మనసులో ఉన్నది చెబుతాను. మన షెడ్లలో వెతికినందుకు కూలి లేదు. రెండు గంటలు వెతికి, ఊడిన ఒక వైరు బిగించిన మెకానిక్‌కు "వైరే కదా తమ్మీ" అని చాయ్ పైసలు ఇచ్చి వచ్చేస్తాం. అదే పిల్లాడు వేల రూపాయల సెన్సార్ మార్చి, దాని మీద నాలుగొందలు మిగుల్చుకుంటే నోరెత్తకుండా ఇస్తాం. వెతికే పనికి విలువ లేనప్పుడు పార్టు మార్చే పనే మిగులుతుంది. తప్పు పిల్లలదే అనడం అన్యాయం. ఆ అలవాటును పెంచింది బండ్ల యజమానులమైన మనమే.

కాబట్టి పాత కారున్న శ్రోతలకు నా విన్నపం ఇది. ఈసారి లైటు వెలిగినప్పుడు మీ మెకానిక్‌తో, "ముందు పరీక్ష చేయి తమ్మీ, ఏ పార్టూ మార్చకపోయినా నీ కూలి నీకిస్తా" అనండి. ఏ పరీక్షలో ఏ అంకె వచ్చిందో కాగితం మీద రాయించుకోండి. మార్చిన పాత పార్టును ఇంటికి తెచ్చుకోండి. ఆ కాగితాలను ఆర్సీతో పాటు కారులోనే పెట్టుకోండి, తర్వాత ఏ ఊళ్లో ఏ షెడ్డుకు పోయినా అక్కడి మెకానిక్‌కు అవే మొదట చూపించండి.